‘బాగా’ అన్న గడి

మా చెల్లెలు మొట్టమొదట గెలిచింది నలభై కోట్ల దగ్గర. డబ్బనుకునేరు, కాదు. ఒంటికి తొడుక్కునే కోట్లు, అగ్నిమాపక కేంద్రం వాళ్ళ యూనిఫారాలు. అప్పటికి తనకి ఇరవై మూడేళ్ళు. పెద్ద కుట్టు దుకాణంలో చేరి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళూ కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం తప్ప వేరే పని ఇవ్వలేదు. కత్తెర ఆడవాళ్ళ చేతికి రాదని అక్కడి కటింగ్ మాస్టరు సిద్ధాంతం. పంపిన గుడ్డ ముప్పై ఏడు కోట్లకే వస్తుందని ఆయన లెక్క తేల్చి చేతులెత్తేశాడు. మా చెల్లెలు మూడు రోజులు భోజనాల వేళ గోదాము నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి, కోటు ముక్కల ఆకారాలు కత్తిరించి, అటు తిప్పీ ఇటు తిప్పీ, ఒకదాని చంక వంపులో ఇంకోదాని జేబు ఇమిడేట్టు అమర్చింది. నాలుగో రోజు యజమాని దగ్గరికి వెళ్ళి, "నలభైకీ సరిపోతుంది, మూర గుడ్డ మిగులుతుంది కూడా," అంది. మూర కాదు, మూరన్నర మిగిలింది. మాస్టరు ఆ ముక్కని మూడుసార్లు కొలిచి, ఎక్కడో ఒక చెయ్యి కత్తిరించడం మరిచిపోయుంటుందని ఎనభై చేతులూ లెక్కపెట్టుకున్నాడట.

ఆ మరుసటి నెలే తనకి కటింగ్ బల్ల ఇచ్చారు. బల్ల ఎత్తు, మనిషి పొట్టి. కాళ్ళ కిందికి జానెడు ఎత్తు చెక్క పీట ఒకటి చేయించుకుంది. ఇరవై ఏడేళ్ళు ఆ పీట మీద నిలబడి, మెడలో టేపు వేసుకుని, ఊళ్ళో సగం మంది ఒళ్ళు కొలిచింది. దుకాణంలో అందరూ టేపక్క అంటారు. ఎవరైనా వచ్చి నా నడుము ముప్పై నాలుగు అని చెప్తే తలాడించి, టేపు చుట్టి, ముప్పై ఏడు అని రాసుకుంటుంది. మనిషి తన నడుము గురించి నిజం చెప్పడని తన నమ్మకం. కొలతల పుస్తకాలు నలభై ఒకటి నిండాయి. తను కత్తిరించిన కోటు ఒక్కటీ తిరిగి రాలేదు. ఒకటి వచ్చింది గానీ, దాని యజమాని మధ్యలో లావెక్కాడు. అది లెక్కలోకి రాదు.

ఇది రాస్తున్న నేను తన పెద్దన్నయ్యని. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. మూడో తరగతి నుంచి మానిటర్ని నేనే. బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు టైమ్‌కీపరుగా చేశాను. నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత చూపించమనండి. మా ఇంట్లో అనుమానం వంశపారంపర్యం. మా నాన్న గోడ గడియారాన్ని రేడియోతో సరిచూసేవాడు, రేడియోని స్టేషను గంటతో సరిచూసేవాడు, ఆ గంట కొట్టే మనిషితో మాత్రం జీవితాంతం మాట్లాడలేదు. ఆ గుణం నాకు డిపోలో పనికొచ్చింది, తనకి కత్తెర దగ్గర పనికొచ్చింది. "మీ అన్నాచెల్లెళ్ళు గాలిని కూడా తూకం వేసుకునే పీలుస్తారు," అంటుంది మా ఆవిడ.

మొన్న జూలైలో తన రొమ్ములో గడ్డ కనబడింది. డాక్టర్లు క్యాన్సరు అన్నారు. తను ఇంకో ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించుకుంది. అక్కడా అదే మాట అన్నాకే నమ్మింది. ఆపరేషను అయింది. తరువాత మూడు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు మందు ఎక్కించాలన్నారు. తను పెళ్ళి చేసుకోలేదు, మా ఇంటి మేడ మీద గదిలోనే ఉంటుంది. అందుకని ప్రతిసారీ నేనే తోడు వెళ్ళాను.

దుకాణం యజమాని చెడ్డవాడు కాదు. "నీ చెయ్యి పనిచేసినంత కాలం ఆ బల్ల నీదే టేపక్కా," అన్నాడు. ఈలోపు పని ఆగకూడదని మాత్రం ఇంకో కట్టర్ని పెట్టాడు. అతను చాలా పొడుగు, నిచ్చెన అని పేరు పెట్టారు. మా చెల్లెలికి జబ్బు కన్నా నిచ్చెన మీదే బెంగ ఎక్కువ. "చెయ్యి పనిచేసినంత కాలం అన్నాడు చూశావా అన్నయ్యా," అనేది మెట్లెక్కుతూ. "నాకు జబ్బొచ్చింది రొమ్ముకి. చెయ్యి మాట ఎందుకెత్తినట్టు?" నేనూ అదే ఆలోచించేవాణ్ణి.

నాలుగోసారి వెళ్ళినప్పుడు ఆ కాగితం వచ్చింది.

ఆసుపత్రి హాల్లో కుర్చీలన్నీ ఒకదానికొకటి ఇనుప కమ్మీతో బిగించి ఉంటాయి. గోడ గడియారం ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది. రెండుసార్లు చెప్పాను, సరిచెయ్యలేదు. మేము కూర్చున్న కాసేపటికి ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్ను.

"ఇది జీవన నాణ్యత కాగితం అండి. పది నిమిషాల పని. ఇష్టమైతేనే నింపండి."

మా చెల్లెలు కాగితం అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది, గుడ్డని చూసినట్టు. "నాణ్యత గుడ్డకి చూస్తారమ్మా. ఉతికితే రంగు దిగుతుందా, ముడుచుకుపోతుందా అని. నాకెందుకు?"

"మీరెలా ఉన్నారో తెలుసుకోవడానికండి."

"తెలుసుకుని?"

"డాక్టరుగారు చూస్తారు. అందరివీ కలిపి మేము లెక్క కూడా వేస్తాం."

"నింపకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదండి."

"ఏమీ కాకపోతే ఇంతమందికి ఎందుకు పంచుతున్నావు?"

ఆ అమ్మాయి నవ్వి, తరువాతి వరసకి వెళ్ళిపోయింది. సమాధానం చెప్పకుండా నవ్వేవాళ్ళని డిపోలో నేను చాలామందిని చూశాను. వాళ్ళ బస్సులే ఆలస్యంగా వచ్చేవి.

పక్క కుర్చీలో ఊలు టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఉంది. మావైపు ఒరిగి గొంతు తగ్గించింది. "అన్నీ భేషుగ్గా ఉన్నాయని రాసెయ్యండి. ఇదివరకు ఇక్కడ ఒక లెక్కల మాస్టారు కూర్చునేవాడు, పాపం. ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను, నిద్ర లేదు అని ఉన్నదున్నట్టు రాశాడు. ఆ తర్వాత ఈ హాల్లో కనపడలేదు."

"ఏమయ్యాడు?" అన్నాను.

"ఎవరు చెప్తారు? పేరు కూడా పిలవడం మానేశారు."

మా చెల్లెలు నావైపు చూసింది. నేను కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నాను. మొదటి పేజీలో వయసు, జబ్బు వివరాలు ఉన్నాయి. దాని అడుగున సూచనలు అని చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. సూచనలన్నవి పరీక్ష రాసేవాళ్ళకి కాదు, కాపలా కాసేవాళ్ళకి అని మా బడిలో అలవాటు. పేజీ తిప్పేశాను. వెనకవైపు గడులు. ఎడమవైపు నడక, నిద్ర, ఆకలి, ఊపిరి, జ్ఞాపకం, ఇంటి పని, ఉద్యోగం, వేళ్ళ పట్టు అని వరసగా ఉన్నాయి. పైన నాలుగు నిలువు గడులు: లేదు, కొంచెం, బాగా, చాలా. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు.

"ఉద్యోగం అని ఉంది చూడన్నయ్యా," అంది తను, వేలితో చూపిస్తూ. "ఇది దుకాణానికి వెళ్తుంది. నా సెలవు కాగితం ఇక్కణ్ణుంచే కదా వెళ్ళింది. దారి తెలిసిపోయింది వీళ్ళకి."

"వెళ్ళనీ. వెళ్ళినా తప్పు పట్టలేనట్టు రాద్దాం. నాలుక్కి నాలుగు వేద్దామంటావా?"

"అన్నిట్లో నాలుగొస్తే కాపీ కొట్టామనుకుంటారు."

నిజమే. మా బడిలో కూడా మొత్తం మార్కులు వచ్చినవాణ్ణే ముందు నిలబెట్టి మళ్ళీ అడిగేవాళ్ళు. అందుకని మూడు దగ్గర ఆగాం. నిద్ర బాగా. నడక బాగా. ఊపిరి బాగా. ఉద్యోగం బాగా. మరీ అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఆకలికి మాత్రం కొంచెం అని వేశాం. పెన్ను మొదట తన చేతికే ఇచ్చాను. రెండుసార్లు జారిపోయింది. "దారం అడ్డొస్తోంది, నువ్వే వెయ్యి," అంది. వేళ్ళ పట్టు దగ్గరికి వచ్చేసరికి చేతిసంచి ఒళ్ళోకి లాక్కుని సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను బాగా అన్న గడిలో టిక్కు పెట్టాను. అన్నిటికన్నా కింద, గత వారం మొత్తం మీద మీ జీవితం ఎలా ఉంది అని ఒక గీత, దాని మీద ఒకటి నుంచి ఏడు అంకెలు. ఒకటి దగ్గర చాలా అధ్వాన్నం, ఏడు దగ్గర చాలా బాగుంది అని రాసుంది. ఆరు వేశాం. కాగితం ఇచ్చేటప్పుడు ఒక్క కొట్టివేత లేదు.

గంటా పది నిమిషాల తరువాత లోపలికి పిలిచారు. డాక్టరుగారి బల్ల మీద మా కాగితమే ఉంది. కాగితాల అమ్మాయి కిటికీ పక్కన నిలబడి ఉంది.

"అమ్మా, ఈ రోజు మందు ఎక్కించడం లేదు," అన్నాడు డాక్టరు.

మా చెల్లెలు కుర్చీ అంచు పట్టుకుంది. నావైపు ఒకే ఒక్క చూపు చూసింది. మాస్టారు కనపడలేదన్నారు కదా అన్న చూపు.

"ఎందుకండీ?" అన్నాను. "అన్నీ బాగా అనే కదా రాశాం."

"అందుకేనండి. అన్నీ బాగా అనే రాశారు. ఇంత బాధలో ఉన్నావిడ ఈ గది దాకా ఎలా నడిచి వచ్చిందో నాకు అర్థం కావడం లేదు."

"బాధేమిటి? బాగా అంటుంటే."

"నేనూ అదే అంటున్నాను."

"మూడు మార్కులు చాలవా? నాలుగు వేసుంటే ఎక్కించేవాళ్ళా?"

"నాలుగు వేసుంటే ఆసుపత్రిలో చేర్చుకునేవాణ్ణి."

మా చెల్లెలు లేచి నిలబడింది. "రా అన్నయ్యా. బాగుంటే మందు ఇవ్వరట, ఇంకా బాగుంటే మంచాన పడేస్తారట. ఇక్కడ ఏదో ఉంది."

అప్పుడు ఆ అమ్మాయి ముందుకొచ్చింది. ఆ పిల్ల కళ్ళలో కూడా అనుమానమే, కానీ పనితనం ఉన్న అనుమానం. "సార్, చివరి ప్రశ్న చూడండి. ఆరు వేశారు. ఊపిరాడని మనిషి జీవితానికి ఆరు వెయ్యదు." తరువాత మా చెల్లెలి వైపు తిరిగింది. "నిద్ర బాగా అని పెట్టారు కదండీ. అంటే ఏంటి?"

"బాగా పడుతుందని."

"నడక?"

"బాగా నడుస్తానని. ఇంకెలా చెప్పాలమ్మా?"

ఆ అమ్మాయి కాగితం తిప్పి, మొదటి పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు పైకి చదివింది. వెనక పేజీలో ఉన్న ఒక్కొక్క విషయంలో గత వారం మీకెంత ఇబ్బంది కలిగిందో గుర్తు పెట్టండి, అని. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నేను పైకి చూశాను. మానిటరుగా ఉన్నవాణ్ణి, సూచనలు చదవకపోవడం నాదే తప్పు. కానీ ఇబ్బంది అన్న ఒక్క మాట ముందు పేజీలో పెట్టి, బాగా అన్న గడిని వెనక పేజీలో పెట్టినవాడిది కూడా తప్పే. ఇది ఇప్పటికీ అంటాను.

ఆ అమ్మాయి కాగితాన్ని మళ్ళీ రెండువైపులా తిప్పి చూసింది. "రెండు వందల మంది నింపారు సార్ ఈ కాగితం," అంది మెల్లగా. "ఎవరు ఎటువైపు నుంచి చదివారో ఇప్పుడెలా తెలుస్తుంది?"

మా చెల్లెలు మళ్ళీ కూర్చుంది. వేరేవాళ్ళ కొలత తప్పిందంటే తనకి ఓపిక వచ్చేస్తుంది. "ఒళ్ళు కొలిచే ముందు టేపుని కొలుచుకోవాలమ్మా. గుడ్డ టేపు సాగుతుంది. నేను నెలకోసారి ఇనుప స్కేలు పక్కన పెట్టి చూసుకుంటాను."

"నేర్పండి, నేర్చుకుంటాను," అంది ఆ అమ్మాయి. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు నోటితో చెప్పండి. ఊపిరికి ఇబ్బంది?"

"లేదు."

"ఆకలి?"

"ఎప్పటిలాగే. కొంచెం అని అన్నయ్య అందానికి వేశాడు."

"వేళ్ళు?"

"బాగున్నాయి."

"బాగున్నాయా, బాగా ఇబ్బందిగా ఉన్నాయా?"

"బాగున్నాయన్నానుగా."

ఆ అమ్మాయి రాసుకోలేదు. మా చెల్లెలి కుడిచేతి వైపే చూస్తోంది. చూపుడు వేలికి, నడిమి వేలికి, బొటనవేలికి ప్లాస్టరు ముక్కలు. "ఇవేంటండి?"

"సూది గుచ్చుకుంది."

నేను అప్పుడు ఉలిక్కిపడ్డాను. ఇరవై ఏడేళ్ళుగా తను కట్టరు. సూదితో ఏం పని? అదీ మూడు నెలలుగా దుకాణానికి వెళ్ళని మనిషికి? పెన్ను రెండుసార్లు జారడం గుర్తొచ్చింది. పోయిన వారం మెట్ల మీద తాళంచెవి పడేసి, తుప్పు పట్టిందని తిట్టడం గుర్తొచ్చింది. ఒకే ఇంట్లో ఉండి, అందరినీ అనుమానించే నేను, నా చెల్లెల్ని మాత్రం అనుమానించలేదు.

"చెల్లెమ్మా," అన్నాను, "సంచి తియ్యి."

తను కదల్లేదు. నేనే తీశాను. సంచిలో కొలతల పుస్తకం ఉంది, నలభై రెండోది. తను ఎక్కడికి వెళ్ళినా అది వెంట ఉంటుంది. మొదటి పేజీలో మామూలుగా కొలతలిచ్చిన మనిషి పేరు ఉంటుంది. ఇందులో అక్కడ ‘నేను’ అని రాసుంది. కింద ఐదు గీతలు: బొటన, చూపుడు, నడిమి, ఉంగరం, చిటికెన. ప్రతి రోజూ తారీఖు వేసి, సూదితో తనే గుచ్చుకుని చూసి, ఎక్కడ తెలిసిందో ఎక్కడ తెలియలేదో రాసుకుంది. రెండోసారి మందు తరువాత కొన తెలియలేదు. మూడోసారి తరువాత మొదటి గణుపు దాకా తెలియలేదు. నిన్నటి తారీఖున చూపుడు వేలికి రెండో గణుపు. అక్షరాలు రోజురోజుకీ పెద్దవవుతూ, వంకరపోతూ వచ్చాయి. తన చేతిరాత ఎంత సన్నగా ఉంటుందో నాకు తెలుసు.

డాక్టరు ఆ పుస్తకాన్ని పేజీ పేజీ చదివాడు. మా కాగితం మీద అంతసేపు పెట్టి ఉండడు. "దీన్ని ఎవరికీ ఎందుకు చూపించలేదమ్మా?"

"చూపిస్తే చెయ్యి పోయిందని రాస్తారు. రాస్తే దుకాణానికి తెలుస్తుంది."

"మా కాగితాలు ఎవరికీ వెళ్ళవు."

"సెలవు కాగితం వెళ్ళిందిగా."

"అది మీరు అడిగితే మీ చేతికే ఇచ్చాం."

తను ఆలోచించింది. "అది నిజమే," అంది, సగం నమ్మి.

"ఇది మందు వల్ల వచ్చే తిమ్మిరి," అన్నాడు డాక్టరు. "మీరు దాచిపెట్టి, ఇదే మోతాదులో ఇంకో మూడుసార్లు ఎక్కించుకుని ఉంటే కత్తెర సంగతి నేను చెప్పలేకపోయేవాణ్ణి. కాగితం మీద మీరు పెట్టిన టిక్కుల్లో నిజమైంది ఈ వేళ్ళదొక్కటే, అదీ పొరపాటున. ఈ రోజు మందు ఎలాగూ ఆపుతున్నాను. రెండు వారాలు విశ్రాంతి. తరువాత మోతాదు తగ్గించి ఎక్కిద్దాం."

"తగ్గిస్తే జబ్బు తిరిగొస్తే?"

"అది ఆలోచించకుండా తగ్గించను. ఇలా తగ్గించేది మీ ఒక్కరికే కాదు."

"వేళ్ళు తిరిగొస్తాయా?"

"చాలామందికి వస్తాయి. మెల్లగా."

"మెల్లగా అంటే కుదరదు డాక్టరుగారూ. గుడ్డ తెచ్చిన మనిషి ఎప్పుడిస్తావని అడిగితే మేము మెల్లగా అంటామా? తారీఖు చెప్పండి."

డాక్టరు క్యాలెండరు తిప్పాడు. మిగిలిన మందు, దాని తరువాత విశ్రాంతి, వేళ్ళకి నేర్పించే కసరత్తు అన్నీ లెక్క వేశాడు. ఒక తారీఖు చెప్పి, వేళ్ళు మాట వింటేనే అన్నాడు. మా చెల్లెలు కాగితం మీద రాసివ్వమంది, సంతకంతో. రాసిచ్చాడు. వేళ్ళు మాట వింటేనే అన్నదీ రాశాడు.

రెండు వారాల తరువాత, ఒక గురువారం, కొత్త మోతాదు మందుకి వెళ్ళాం. హాల్లో మూల పొడుగాటి వాలుకుర్చీలో ఒకాయన పడుకుని వార్తాపత్రిక చదువుతున్నాడు. ఊలు టోపీ ఆవిడ చెప్పిన లెక్కల మాస్టారు. కూర్చోలేనని రాసినందుకు రద్దీ లేని గురువారానికి మార్చి, ఆ కుర్చీ వేయించారని నర్సు చెప్పింది. మా చెల్లెలు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "మాస్టారేనని ఏమిటి నమ్మకం?" అంది నాతో. వెళ్ళి పదమూడో ఎక్కం అడగనా అన్నాను. వద్దంది.

కాగితాల అమ్మాయి కొత్త కాగితం తెచ్చింది. నడక అన్నచోట నడవడంలో ఇబ్బంది అని ఉంది, నిద్ర అన్నచోట నిద్ర పట్టడంలో ఇబ్బంది అని ఉంది. మూడో గడిలో బాగా తీసేసి ఎక్కువగా అని పెట్టారు. సూచనలు ప్రతి పేజీ నెత్తిన ఉన్నాయి. పాత రెండు వందల కాగితాలూ పక్కన పెట్టి అందరినీ మళ్ళీ నోటితో అడుగుతున్నారట. ఈ మార్పు వచ్చింది మా కాగితం వల్ల. నా పేరు దాని మీద లేదు, ఉండాలని నేను అడగలేదు కూడా. మా చెల్లెలు పెన్ను తనే తీసుకుంది. దారం చేతికి చుట్టుకుని మెల్లగా టిక్కులు పెట్టింది. వేళ్ళ దగ్గర ఎక్కువగా అన్న గడిలో పెట్టింది. పెట్టాక కాగితాన్ని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ చూసింది. "ఇది నిజంగా దుకాణానికి వెళ్ళదుగా?" అని అడిగింది. వెళ్ళదని ఆ అమ్మాయి మూడోసారి చెప్పింది.

అయినా మా చెల్లెలికి మనసు నిలవలేదు. మర్నాడు ఉదయం నన్ను దుకాణానికి పంపింది. "యజమానిని ఏమీ అడక్కు. నా పీట ఎక్కడుందో చూసి రా, అంతే."

వెళ్ళాను. బల్ల దగ్గర నిచ్చెన నడుం వంచి సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. పొడుగు మనిషికి ఆ బల్ల మరీ కిందికి ఉంది, పాపం. పీట బల్ల ముందు లేదు. వంగి చూస్తే బల్ల కింద గోడవారగా ఉంది, మీద కత్తిరించిన పేలికల మూట.

"ఏం వెతుకుతున్నారు పెద్దాయనా?" అన్నాడు యజమాని వెనకనుంచి.

"పీట."

"అది టేపక్కది."

"తెలుసు. మీకు తెలుసో లేదో చూద్దామని వచ్చాను."

ఆయన నా ముఖం చూసి, నిచ్చెన వైపు చూశాడు. నిచ్చెన నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "ఆవిడ ఎప్పుడొస్తుందో చెప్పండి సార్," అన్నాడు. "ఈ బల్ల నాకు సరిపడదు. అవతలి వీధి కుట్టు దుకాణంలో ఎత్తు బల్ల ఉంది, వాళ్ళు రమ్మంటున్నారు. తారీఖు తెలిస్తే వాళ్ళకి మాటిస్తాను."

ఇతను నిజమే చెప్తున్నాడా అని నేను కాసేపు నిలబడి చూశాను. తరువాత పేలికల మూట తీసి, పీటని బయటికి లాగి, తుడిచి, అక్కడి సుద్దముక్కతో డాక్టరు రాసిచ్చిన తారీఖు దాని మీద రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులకి వేసిన చేతిరాత, కొట్టివేత లేదు: మార్చి పదిహేడు, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు.